అమ్మ పట్టిన కాపీ

మా ఇంట్లో ‘మార్కులు’ అన్న మాట వినపడితే చాలు, అందరం నిటారుగా కూర్చుంటాం. అమ్మ మిర్యాలగూడలో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైంది. నేను సూర్యాపేట దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా చెల్లె కోదాడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తుంది. మా ఆయన మాత్రం ఎరువుల దుకాణం నడుపుతాడు, అందుకే ఇంట్లో కాస్త తెలివిగా మాట్లాడేది ఆయనొక్కడే. ఇలాంటి కుటుంబం ముందు ఒక డాక్టరు గారు, “ఈ పరీక్షలో తగినన్ని మార్కులు వస్తేనే ఆ మందు గురించి ఆలోచిద్దాం” అన్నారు. ఆ తర్వాత జరిగినదానికంతా ఆయనదే పూచీ అని నేను ఇప్పటికీ వాదిస్తాను.

ముందు అమ్మ జబ్బు సంగతి చెప్పాలి. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ సూర్యాపేటలో నాతోనే ఉంటోంది. పొద్దున్నే దినపత్రిక, ఎర్ర పెన్ను ముందేసుకుని అచ్చుతప్పులు దిద్దడం ఆమెకు కాఫీ కన్నా ముఖ్యం. చివర్లో పత్రికకు మార్కులు కూడా వేసేది. ఒకసారి ఒకే పేపర్‌ను వరసగా మూడు రోజులు దిద్దింది. మొదటిరోజు డెబ్బై, రెండోరోజు నలభై, మూడోరోజు ఫెయిల్. నేను మొదట పడీపడీ నవ్వాను. తర్వాత మూడు రోజులూ దిద్దింది ఒకే తేదీ పేపరని ఆమెకు తెలియలేదని అర్థమై, వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను. స్కాన్లు తీసిన తర్వాత దాని పేరు అల్జీమర్స్ అన్నారు.

ఆ పేరు బయటికి పొక్కగానే సూర్యాపేట మొత్తం డాక్టరైపోయింది. పక్కింటావిడ సరస్వతి ఆకు పచ్చడి గిన్నెలకొద్దీ తెచ్చింది. చర్చిలో ఒకావిడ ప్రార్థన చేసిన నూనె ఇచ్చింది. చెల్లె రోజుకు పది వీడియోలు పంపేది, అన్నీ అక్రోటు పప్పు గురించే. అక్రోటు చూడ్డానికి మెదడులా ఉంటుంది కాబట్టి మెదడుకు మంచిదట. అలాగైతే వంకాయ దేనికి మంచిదే అని అడిగితే ఫోన్ పెట్టేసింది. హాలియాలో ఒకాయన ముక్కులో పసరు పోస్తాడంటే అక్కడికీ తీసుకెళ్లాను, సిగ్గులేదు నాకు. అమ్మ తుమ్ముల వరస మొదలుపెట్టి ఆపలేదు. ఇరవై దాకా నేను లెక్కపెట్టాను. తుమ్ములయ్యాక ఆయన రాసిచ్చిన పథ్యం చీటీ తీసుకుని, ఎర్ర పెన్నుతో పద్నాలుగు తప్పులు దిద్ది, “చేతిరాత మెరుగుపరచుకోవాలి” అని కింద రాసి ఆయనకే తిరిగిచ్చింది. ఆయన ఫీజు తీసుకోలేదు.

ఈ వైద్యాలన్నీ నడుస్తుండగానే అమ్మ నన్ను మర్చిపోయింది. పూర్తిగా కాదులెండి. ఒకరోజు పొద్దున నేను టీ ఇస్తే, “థ్యాంక్స్ మేడమ్, మీరు కొత్తగా వచ్చిన్రా? లెక్కలా?” అంది. ఆ రోజు బాగా ఏడ్చాను. రెండోరోజు కోపమొచ్చింది. వారం తిరిగేసరికి, దాచడమెందుకు, బాగానే అనిపించింది. తోటి టీచరుతో మనుషులు చెప్పుకునే సంగతులు కన్నబిడ్డతో చెప్పరు కదా! నలభై ఏళ్ల కిందటి హెడ్మాస్టరు గురించి అమ్మ గొంతు తగ్గించి చెప్పిన కబుర్లు విని నాకు పొలమారింది. మధ్యమధ్యలో తన బిడ్డల గురించి కూడా చెప్పేది. “చిన్నది మెత్తగుంటది మేడమ్. పెద్దదున్నదే, అది మొండిఘటం. నోరు జాస్తి.” నేను తలూపి, “గట్లనా మేడమ్? కష్టమే మీకు” అనేదాన్ని. లోపల మాత్రం ఒక్కసారి ‘బిడ్డా’ అని పిలవదా అని చెవులు రిక్కించుకునే ఉండేదాన్ని.

నేను మొండిదాన్నని అమ్మకు ఎప్పుడు తెలిసిందో నాకు బాగా గుర్తు. నేను తొమ్మిదో తరగతి చదివింది అమ్మ బళ్లోనే. లెక్కల్లో నన్ను కొట్టేవాళ్లు లేరు గానీ, సోషల్లో ఒక్క సంవత్సరం కూడా నా బుర్రలో నిలిచేది కాదు. అర్ధసంవత్సర పరీక్షకు 1757, 1857, 1947 అన్నీ ఒక చీటీ మీద రాసుకుని జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాను. ఆ గదిలో డ్యూటీ అమ్మదే. అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది, బాక్సు తెరిచింది, చీటీ తీసింది. అందరి ముందూ నా పేపర్ మీద సున్నా వేసింది. ఏడంకెకు నడుం మీద అడ్డగీత గీయడం నా అలవాటు, అప్పట్లో అది గొప్ప ఫ్యాషననుకునేదాన్ని. “గీతలు కొట్టుడొచ్చింది గానీ చదువుడు రాలేదు” అంది, అంతే. సాయంత్రం వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి అదే పేపర్ మళ్లీ రాయించింది. అరవై ఒకటి వచ్చాయి. ఆ మార్కులు ఎక్కడా చెల్లవు, అయినా రాయించింది. నేను నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ మా మధ్య రాలేదు.

సరే, పరీక్ష దగ్గరికొద్దాం. హైదరాబాద్ నుంచి నెలకో ఆదివారం కోదాడకు వచ్చే మెదడు డాక్టరు ఒకాయన ఉన్నారని చెల్లె కనిపెట్టింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన కొత్త ఇంజక్షన్ గురించి చెప్పారు. మెదడులో పేరుకుపోయిన గారలాంటిదాన్ని అది కొంతవరకు కడిగేస్తుందట. పోయిన మతి తిరిగి రాదు గానీ, పోయే వేగం కాస్త తగ్గుతుందట. అయితే జబ్బు మొదట్లో ఉన్నవాళ్లకే ఇస్తారు, అదీ ఇంకా పెద్ద స్కాన్లు తీశాకే. అమ్మకు మొదటి పరీక్షలో మార్కులు తక్కువొచ్చాయి. కానీ అప్పుడు ఆమెకు యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. దానివల్ల పెద్దవాళ్లకు మతి ఇంకా తప్పుతుందని, అది తగ్గాక వచ్చే నెల మళ్లీ పరీక్ష పెడదామని అన్నారు. నెల రోజులు! మళ్లీ పరీక్ష! నాకు ఇంకేమీ వినపడలేదు. ఎందుకంటే మొదటిసారి పక్కనే కూర్చుని ప్రశ్నలన్నీ నా చేతిసంచిలో ఉన్న హాజరు పుస్తకం వెనక రాసుకున్నాను.

అంటే పేపర్ లీకైంది. లీకు చేసింది నేనే.

మర్నాటి నుంచి మా హాల్లో కోచింగ్ సెంటర్ మొదలైంది. మా ఆయన తెల్లటవల్ భుజాన వేసుకుని డాక్టరయ్యాడు. నేను వెనక నిలబడి పర్యవేక్షణ. చెల్లె కోదాడ నుంచి వీడియో కాల్లో.

“అత్తమ్మా, ఇది ఏ రాష్ట్రం?” అని మా ఆయన అడుగుతాడు.

“ఆంధ్రప్రదేశ్.”

“కాదు, తెలంగాణ.”

“తెలంగాణ ఇచ్చిన్రా!” అని అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడుతుంది. “ఎప్పుడిచ్చిన్రు? నాకెవ్వరు చెప్పలేదు! మేడమ్, జర చక్కెర తెండ్రి!” అని డబ్బా తెప్పించి అందరి నోట్లో చక్కెర పోస్తుంది. మా ఆయనకు షుగర్, అయినా నోరు తెరుస్తాడు పాపం. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే సంబరం. దేశమంతటికీ తెలంగాణ ఒక్కసారే వచ్చింది గానీ, మా ఇంటికి ఆ నెలంతా రోజూ పొద్దున ఏడింటికి వచ్చేది.

జిల్లా దగ్గర మాత్రం గొడవయ్యేది.

“సూర్యాపేట జిల్లా అయిందా? మరి మిర్యాలగూడ?”

“అది నల్గొండలనే ఉన్నది అత్తమ్మా.”

“గట్లెట్ల? పేటకు ఇచ్చి మాకు ఇయ్యరా? ఇన్ని రైసుమిల్లులు పెట్టుకోని మాకు జిల్లా లేదా? కలెక్టర్‌కు రాస్త నేను!” నిజంగానే కాగితం తీసి రాసేది. అలాంటి అర్జీలు మా ఇంట్లో ఇప్పటికి పదకొండున్నాయి. ఒక్కటంటే ఒక్కదాంట్లో అచ్చుతప్పు లేదు.

మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపయ్యాక అడిగే ప్రశ్న ఒకటుంది. గులాబి, బల్ల, రూపాయి. నెల రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పాట. అమ్మకు రాలేదు గానీ, దుకాణంలో ఒక రైతు యూరియా అడిగితే మా ఆయన “గులాబి, బల్ల” అన్నాడట. వందలోంచి ఏడు తీసేస్తూ పోవడం అన్నిటికన్నా కష్టం. తొంభై మూడు వరకు బాగానే వచ్చేది. ఆ తర్వాత అమ్మ నా వైపు జాలిగా చూసి, “లెక్కలు మీ సబ్జెక్టు గద మేడమ్, మీరే చెప్పుండ్రి” అనేది. నాకు నవ్వాగేది కాదు. కోపం కూడా వచ్చేది. రెండూ ఒకేసారి రావడం ఆ నెలలోనే నేర్చుకున్నాను. ‘నువ్వు పాసవ్వాలె అమ్మా, ఇదొక్కటి పాసవ్వు, ఇంకేమీ అడగను’ అని మనసులో బతిమాలుకునేదాన్ని.

ఆ ఆదివారం వచ్చింది. అమ్మ చర్చిలో ఆరాధనకే వెళ్తున్నామనుకుని తెల్లచీర కట్టి, సంచిలో బైబిలు పెట్టుకుని, నాకన్నా ముందే గుమ్మంలో నిలబడింది. కోదాడ బస్సులో కిటికీ పక్క కూర్చోబెట్టి దారంతా రివిజన్ చేయించాను. ఇది ఏ కాలం? వర్షాకాలం, సరే. జిల్లా, సరే, అలక మాత్రం ఉంది. వందలోంచి ఏడు, తొంభై మూడు. ఆ తర్వాత?

“ఆ తర్వాత ఏముంటది, కోదాడ వస్తది” అంది అమ్మ.

బస్టాండులో చెల్లె ఎదురొచ్చింది. “ఏంటక్కా, మొహం అలా ఉంది?” అనడిగింది. లెక్క రావట్లేదన్నాను. అప్పుడు నా సంచిలో నల్లటి మార్కర్ పెన్ను కనపడింది. పిల్లలకు చార్టులు రాసే పెన్ను. ఇక ఆలోచించలేదు. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి అమ్మ ఎడమ అరచేయి తెరిచి 93, 86, 79, 72, 65 అని వరసగా రాశాను. మిగిలిన చోట గులాబి, బల్ల, రూపాయి ఇరికించాను.

“గోరింటాకా?” అనడిగింది అమ్మ ముచ్చటగా.

“అవును మేడమ్. కొత్త డిజైన్.”

“అక్కా, ఇది తప్పు కదే” అని చెల్లె గొణిగింది. అప్పటికే అది అమ్మ వేళ్లను మడుస్తోంది, చెమటకు చెరిగిపోకుండా.

దవాఖానలో డాక్టరు గారు మమ్మల్ని బయటే ఉండమన్నారు. ఆ గదికి తలుపు బదులు కర్టెన్ ఉంది. మేమిద్దరం దాని అంచు పట్టుకుని తొంగిచూశాం, యాభై దాటిన ఆడవాళ్లం! రాష్ట్రం అడిగితే “తెలంగాణ” అంది, చక్కెర అడగలేదు. జిల్లా అడిగితే “సూర్యాపేట, కానీ అన్యాయం” అంది. చెల్లె నా చెయ్యి గట్టిగా గిల్లింది. డాక్టరు గారు మూడు వస్తువుల పేర్లు చెప్పారు. ఏనుగు, చెంచా, గొడుగు. ముప్పై ఏళ్లుగా పరీక్షలు పెడుతున్నదాన్ని, రెండో సెట్టు పేపరుంటుందని నాకు తట్టలేదే! సరే, లెక్కతో నెట్టుకొస్తుందిలే అనుకున్నాను. వందలోంచి ఏడు తీసేయమన్నారు. తొంభై మూడు. తర్వాత? అమ్మ పైన ఫ్యాను వైపు చూసింది.

“చేతిలో చూడమ్మా” అని చెల్లె కర్టెన్ వెనక నుంచి బుసకొట్టింది.

అమ్మ అరచేయి తెరిచింది. చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచింది. ఆ లేవడం నాకు తెలుసు. చీర చెంగు నడుముకు బిగించి, కళ్లజోడు పైకి తోసి, మిర్యాలగూడ బళ్లో చివరి బెంచీ వైపు నడవబోయే ముందు ఎలా లేచేదో అలాగే లేచింది.

“సార్, పరీక్ష ఆపుండ్రి. కాపీ దొరికింది.”

డాక్టరు గారికి అర్థం కాలేదు. “ఎక్కడమ్మా?”

“నా చేతులనే! సూడుండ్రి, జవాబులన్ని ఉన్నయ్. పేపర్ బయటికి పోయింది సార్. నేను ముప్పై ఏండ్లు డ్యూటీ చేసిన, నా చెయ్యి మీద ఎవ్వడు గిట్ల రాయలే. ఈ సెంటర్‌కు చీఫ్ ఎవరు? పిలువుండ్రి!”

మేము లోపలికి పరుగెత్తాం. అమ్మ నన్ను చూసి, “మంచిగొచ్చిన్రు మేడమ్, మీరు సాక్షి” అని డాక్టరు గారి మందుల చీటీ పుస్తకం లాక్కుని, అర్జీ రాసినంత చకచకా రిపోర్టు రాసి నా ముందుకు తోసింది. నా దొంగతనానికి నేనే సాక్షి సంతకం పెట్టాను. డాక్టరు గారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చెల్లె గోడవైపు తిరిగి నిలబడింది, భుజాలు కదిలిపోతున్నాయి. నాకూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది.

అప్పుడు అమ్మ అరచేతిని కిటికీ వెలుగులో పెట్టి కళ్లు చిట్లించింది.

“ఆగుండ్రి సార్. ఈ ఏడు సూడుండ్రి. నడుం మీద గీత. ఇది మా పెద్దదాని రాత.”

నేను సంతకం పెట్టిన పెన్ను బల్ల మీద పెట్టేశాను.

“ఇంతకుముందు గూడ దొరికింది సార్ ఇది. సున్నా వేసిన. ఇప్పుడు గూడ సున్నానే ఎయ్యుండ్రి. కానీ బడిలకెల్లి తీసెయ్యకుండ్రి. మళ్ల రాస్తది. మంచి పిల్లనే.” ఆ మాటలంటూ నా మొహంలోకే చూసింది, నేను కనపడలేదు ఆమెకు. మళ్లీ చెయ్యి చూసుకుంది. అక్కడ కనపడ్డాను.

అమ్మను చెల్లెతో బయట కూర్చోబెట్టి డాక్టరు గారు నాతో మాట్లాడారు. కోప్పడలేదు, అదే కష్టమైంది. “టీచరు గారూ, ఇది పాసయ్యే పరీక్ష కాదు. ఎక్కడున్నారో తెలుసుకునే పరీక్ష” అన్నారు. ఇన్ఫెక్షన్ తగ్గినా అమ్మ ఆ ఇంజక్షన్ దశ దాటిపోయిందన్నారు. “మీరు నెగ్గి ఉంటే ఏమయ్యేది? ఆ మందుతో కొందరికి మెదడులో వాపు వస్తుంది, రక్తం కారుతుంది. లాభం లేనిచోట ఆ ప్రమాదం ఆవిడ మీద పెట్టేవాళ్లం.” వేసుకుంటున్న మాత్రలు కొనసాగించమన్నారు. బీపీ చూసుకోండి, నడిపించండి, చెవులు పరీక్ష చేయించండి, మాట్లాడిస్తూ ఉండండి అన్నారు. ఇంకా కొత్త మందుల మీద చాలా చోట్ల పని జరుగుతోందని కూడా చెప్పారు. నేను తలూపాను. నెల రోజులు కష్టపడి మా అమ్మను ఎలాంటి ప్రమాదంలోకి తొయ్యబోయానో అప్పుడు తెలిసింది. ఆ ప్రమాదంలోంచి ఆమెను తప్పించింది ఆమే. నిజం చెప్పాలంటే, సిగ్గుపడుతూనే గర్వంతో ఉబ్బిపోయాను.

బయటికొచ్చాక చెల్లె సబ్బు తెచ్చి చెయ్యి కడుగుతానంటే అమ్మ ఒప్పుకోలేదు. సాక్ష్యం చెరిపితే నేరమట. పిడికిలి బిగించుకుని అలాగే చెల్లె ఇంట్లో భోంచేసింది, అలాగే బస్సెక్కింది. కొంతదూరం వెళ్లాక నేనే కదిపాను.

“మేడమ్, ఆ రాత మీ పెద్దమ్మాయిదేనంటరా?”

“దాందే. నాకు తెల్వదా?”

“మరి ఎందుకు రాసిందంటరు?”

అమ్మ కిటికీలోంచి తడిసిన పొలాల వైపు చూసింది. “భయం మేడమ్. నేను ఫెయిలైతనని దానికి భయం. చిన్నప్పటి సంది అంతే, లోపల భయం, పైకి నోరు.” తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించింది, హెడ్మాస్టరు గురించి చెప్పేటప్పుడు తగ్గించినట్టే. “మీకు కనపడితే చెప్పుండ్రి. ఫెయిలైతే ఏంగాదని చెప్పుండ్రి. అప్పుడు సున్నా వేసిన గానీ, కోపం లేదని చెప్పుండ్రి.”

“చెప్త మేడమ్” అన్నాను.

అమ్మకు నా మీద నమ్మకం కుదిరినట్టుంది. పిడికిలి మెల్లగా విప్పి, “నాకు నిద్రొస్తున్నది. ఇది జర మీ దగ్గర ఉంచుండ్రి” అని ఆ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. సూర్యాపేట వచ్చేదాకా ఆ సాక్ష్యాన్ని జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నాను.